కాగితం మీది కాపురం

పాతబస్తీలో పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు పూర్వం అబ్బాయి ఏం చదివాడు, ఎంత తెస్తున్నాడు, సొంత ఇల్లా అద్దె ఇల్లా అని అడిగేవారు. ఇప్పుడు అబ్బాయి సౌదీలో వున్నాడంటే ఆడపిల్లవారు అడిగే మొదటి ప్రశ్న వేరు. “ఇకామా మీద ఏం వృత్తి రాసి వుంది?” ఇంజనీరనో, అకౌంటెంటనో రాసి వుంటే పెళ్ళికూతురు కూడా వెంట వెళ్ళడానికి వీలుంది. కూలీ అనో, డ్రైవరనో రాసి వుంటే ఆ పిల్ల పెళ్ళయిన నెలరోజులకు మొగుణ్ణి శంషాబాదు విమానాశ్రయంలో సాగనంపి, మళ్ళీ ఏ రెండేళ్ళకో గాని చూడదు. కార్డు మీద ఒక చిన్న గడి. ఆ గడిలో ఒక మాట. ఆ మాట మీద ఒక కాపురం!

నేను శాలిబండలో నలభై ఏళ్ళుగా వుంటున్నవాణ్ణి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పగలడు గదా అని మా వీధివాళ్ళు ఏ కవరు వచ్చినా పట్టుకొస్తారు. ఆ విధంగా కొన్ని వందల ఇకామాలు నా చేతిలో పడ్డాయి. గల్ఫు అనగానే మనకు బంగారం గాజులు, అత్తరు సీసాలు, పెద్ద పెద్ద అట్టపెట్టెలు కళ్ళముందు కనిపిస్తాయి. వాటి వెనకాల వుండే యీ చిన్న కార్డు సంగతి మాత్రం, కొడుకునో అల్లుణ్ణో పంపించిన ఇళ్ళలో సైతం, చాలామందికి తెలియదు. అది చెబుదామనే యీ వ్యాసం.

వీసా వేరు, ఇకామా వేరు

వీసా అంటే గడప దాటనిచ్చే చీటీ. ఇకామా అంటే లోపల వుండనిచ్చే చీటీ. అరబ్బీలో ఇకామా అన్నమాటకు నివాసం అనే అర్థం. మనవాడు ఇక్కడ గల్ఫు దేశాలు గుర్తించిన కేంద్రంలో వైద్యపరీక్ష చేయించుకుని, వీసా తీసుకుని విమానం ఎక్కుతాడు. అక్కడ దిగిన తరవాత మళ్ళీ వైద్యపరీక్ష, వేలిముద్రలు, ఆరోగ్య బీమా. ఇవన్నీ అయ్యాక, దిగిన 90 రోజుల లోపల, పనిలో పెట్టుకున్న యజమాని అతనికి ఇకామా తీసి ఇవ్వాలి.

ఆ కార్డు మీద పది అంకెల నంబరు వుంటుంది. సౌదీ పౌరుడి నంబరు 1తో మొదలైతే, పరదేశీయుడి నంబరు 2తో మొదలవుతుంది. పేరు, పుట్టిన తేదీ, దేశం, మతం, వృత్తి, యజమాని పేరు అన్నీ దాని మీదే. ఒకప్పుడు అది చిన్న పుస్తకం. తరవాత ప్లాస్టిక్ కార్డు అయింది. 2021 నుంచి సెల్‌ఫోనులో కూడా చూపించుకోవచ్చు. చాలాకాలం గడువు తేదీని హిజ్రీ లెక్కలోనే వేసేవారు. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండరు కంటే సుమారు పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా చూసుకోనివాడికి గడువు అనుకున్నదానికంటే ముందే వచ్చి నెత్తిన కూచునేది.

యజమానిని అక్కడ కఫీల్ అంటారు. అంటే పూచీదారు. ఈ మనిషికి నేను పూచీ అని అతడు సర్కారుకు చెబితేనే ఇకామా. అదే యీ కథకంతటికీ కీలకం. ఇకామా మనిషిని చూసి ఇచ్చేది కాదు, ఆ మనిషి చేసే పనిని చూసి ఇచ్చేది. పని పోతే కార్డు పోతుంది, కార్డు పోతే ఊరు పోతుంది. ఇరవై ఏళ్ళున్నా అంతే, ఇరవై రోజులున్నా అంతే.

ఇక ఖర్చుల మాట. ఇకామా తీయించడానికీ, ఏటేటా పొడిగించడానికీ అయ్యే రుసుము, ఆలస్యమైతే పడే జరిమానా, పని ముగిశాక ఇంటికి టిక్కెట్టు, ఇవన్నీ యజమానే భరించాలని సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం చెబుతున్నది. ఈ సంగతి తెలియక, “ఇకామా డబ్బులు జీతంలో కోసుకున్నారు” అని రాసిన కుర్రవాళ్ళ ఉత్తరాలు నేను ఎన్నో చదివాను. చట్టం వాళ్ళ పక్షానే వుంది, కాని వాళ్ళకా సంగతి చెప్పినవాడు లేడు.

నికాహ్‌నామా ప్రయాణం

భార్యను పిలిపించుకోవడం మరో మెట్టు. మా పాతబస్తీలో నికాహ్ చేయించిన ఖాజీగారు ఉర్దూలో రాసిన పత్రం ఇస్తారు. దానిని బట్టి నాంపల్లి హజ్ హౌస్‌లో వున్న వక్ఫ్ బోర్డు ఇంగ్లీషులో వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. ఆ పత్రానికి రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఆ పైన కేంద్ర విదేశాంగశాఖ ముద్ర. ఇదివరకు ఇంతటితో తీరేది కాదు. సౌదీ రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. అపొస్తిల్ ఒప్పందం అని ఒకటుంది. అందులో చేరిన దేశాలు ఒకరి ముద్రను ఒకరు నమ్ముతాయి. మనదేశం 2005లో చేరింది. సౌదీ అరేబియాకు అది 2022 డిసెంబరు 7 నుంచి అమలులోకి వచ్చింది. దానితో రాయబార కార్యాలయం మెట్టు ఒకటి తగ్గింది.

ఈ ప్రయాణంలో కాగితాన్ని ఆపేది సాధారణంగా పెద్ద తప్పేమీ కాదు, అక్షరం తేడా. పాసుపోర్టులో పిల్ల పేరు ఒక విధంగా, నికాహ్‌నామాలో మరో విధంగా వుంటుంది. తండ్రి పేరులో మహమ్మద్ ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా వుంటుంది. ఉర్దూలో ఒకే తీరుగా వున్న పేరు ఇంగ్లీషులోకి వచ్చేసరికి నాలుగు రూపాలెత్తుతుంది. అందుకని మా వీధిలో ఆడపిల్ల పెళ్ళి కుదిరిందంటే నేను ఇచ్చే సలహా ఒక్కటే: ఖాజీగారి పక్కన కూర్చున్నప్పుడు పాసుపోర్టు చేతిలో పెట్టుకుని కూర్చోండి.

నాలుగు వందల రియాళ్ళు

2017 జులై 1వ తేదీన సౌదీ ప్రభుత్వం ఒక కొత్త రుసుము పెట్టింది. పరదేశపు ఉద్యోగి తనతో వుంచుకున్న భార్యకు, ప్రతి బిడ్డకు తలకు నెలకు 100 రియాళ్ళు. 2018లో అది 200 అయింది. 2019లో 300. 2020 జులై నుంచి 400. అప్పట్లో ఇకామా పొడిగించేటప్పుడు ఏడాది మొత్తం ఒక్కసారే ముందుగా కట్టవలసివచ్చేది. యజమాని కట్టవలసిన ఖర్చుల్లో ఇది లేదు. చమురు ధర పడిపోయి ఆ ప్రభుత్వపు బొక్కసం తగ్గిన రోజులవి. వాళ్ళ లెక్క వాళ్ళది. కాని రియాద్‌లో పెట్టిన రుసుము శాలిబండ వంటిళ్ళ దాకా వచ్చింది.

మా వీధిలో ఒక ఇంటి కోడలు పన్నెండేళ్ళు రియాద్‌లో కాపురం చేసింది. భర్త అక్కడ లెక్కలు రాసే ఉద్యోగి. జీతం నెలకు 5,500 రియాళ్ళు. ముగ్గురు పిల్లలూ అక్కడే పుట్టారు. 2019 వేసవిలో సెలవుకని వచ్చినప్పుడు ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“మాస్టర్ సాబ్, యీ లెక్క ఒకసారి చూడండి. నాకు వచ్చింది తప్పయితే బాగుండునని వుంది” అంది.

ఆమె, ముగ్గురు పిల్లలు, మొత్తం నలుగురు. తలకు 100 అన్నప్పుడు ఏడాదికి 4,800 రియాళ్ళు. 200 అయితే 9,600. 300 అయితే 14,400. 400 అయితే 19,200. అంటే మూడున్నర నెలల జీతం! రియాలుకు 20 రూపాయల చొప్పున వేసుకున్నా 3,84,000 రూపాయలు. ఇంటద్దె, బడి ఫీజులు, ఇక్కడ అత్తమామల మందులు దీనికి పైన.

“లెక్క సరిగ్గానే వుంది, బేటీ” అన్నాను.

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత అంది: “పన్నెండేళ్ళలో ఆ ఇంటి గోడకు ఒక్క మేకు కొట్టలేదండీ. అద్దె ఇల్లని కాదు. ఎప్పుడు సామాను సర్దమంటారో అని. పిల్లలకు మాత్రం అదే ఇల్లు. వాళ్ళకెలా చెప్పను?”

ఆ ఏడు ఆమె తిరిగి వెళ్ళలేదు. పిల్లల్ని ఇక్కడ బడిలో చేర్చే ఫారం నేనే నింపాను. పుట్టిన ఊరు: రియాద్. జాతీయత: భారతీయుడు. ఆ రెండు గడులూ పక్కపక్కనే వున్నాయి. పెద్దవాడు నా భుజం మీదుగా చూస్తూ, “సాబ్, రియాద్‌లో పుడితే రియాద్ వాళ్ళం కామా?” అని అడిగాడు. కారు. అక్కడ పుట్టినందువల్ల పరదేశీయుల బిడ్డకు ఆ దేశపు పౌరసత్వం రాదు. తండ్రి ఇకామా వున్నంతవరకు వాళ్ళది, అది ముగిస్తే వాళ్ళదీ ముగుస్తుంది. వాడికి అదంతా చెప్పలేదు. “నువ్వు శాలిబండ వాడివిరా” అన్నాను. వాడికి ఆ జవాబు నచ్చినట్లు లేదు.

భర్త ఒక గదిలోకి మారి, మరో ముగ్గురితో కలిసి వండుకుని తింటూ అక్కడే వుండిపోయాడు. ఆ రెండు మూడేళ్ళలో మా చుట్టుపక్కల ఇలా తిరిగివచ్చిన తల్లీపిల్లల్ని చాలామందిని చూశాను. అల్మారాలో సర్దుకున్న కాపురాలు అటకల మీద అట్టపెట్టెల్లోకి ఎక్కాయి.

ఆజాద్ వీసా అనే మోసం

పేరు చూడండి, ఎంత తియ్యగా వుందో! ఆజాద్ వీసా. అంటే స్వేచ్ఛావీసా. ఏజెంటు చెప్పేదేమంటే, ఒక కఫీల్ పేరున ఇకామా వస్తుంది, అతనికి ఏడాదికింత అని ముట్టజెబితే చాలు, నీ ఇష్టం వచ్చినచోట పని చేసుకో అని. నిజానికి అటువంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. సొంత యజమాని దగ్గర తప్ప మరొకరి దగ్గర పని చేయడం ఆ దేశంలో నేరం. కఫీల్‌కు కోపం వచ్చిననాడు “నా మనిషి పారిపోయాడు” అని ఫిర్యాదు రాస్తాడు. దానిని హురూబ్ అంటారు. ఆ మాట ఒకసారి రికార్డుకెక్కితే మనవాడు చట్టం దృష్టిలో పరారీ మనిషే.

2013లో సౌదీ ప్రభుత్వం ఇటువంటివారు కాగితాలు సరిచేసుకోవడానికి గడువిచ్చి, దానిని నవంబరు 3వ తేదీ దాకా పొడిగించి, మరునాటినుంచి తనిఖీలు మొదలుపెట్టింది. సరిచేసుకోగలిగినవారు సరిచేసుకున్నారు. లేనివారు సంచీ సర్దుకుని వచ్చారు. అప్పు చేసి ఏజెంటుకు లక్షలు పోసినవారికి ఆ అప్పు మాత్రం ఇక్కడే కాచుకుని వుంది.

కొంత మంచి కూడా జరిగింది. 2021 మార్చి 14 నుంచి, ప్రైవేటు కంపెనీల్లో ఒక ఏడాది పనిచేసినవారు కొన్ని షరతుల మీద కఫీల్ అనుమతి లేకుండానే మరో యజమాని దగ్గరకు మారవచ్చు. ఇంటికి వచ్చిపోయే అనుమతి కూడా తామే అడగవచ్చు. కాని ఇళ్ళలో కార్లు నడిపేవారికి, పనిమనుషులకు, తోటమాలులకు, గొర్రెలు కాసేవారికి ఆ మార్పు వర్తించలేదు. మనవాళ్ళలో ఆ పనుల మీద వెళ్ళినవారు కొద్దిమందేమీ కాదు.

ఇక కలకాలం వుండనిచ్చే నివాసం కూడా అక్కడ 2019లో వచ్చింది. కఫీల్ అవసరం లేదు. దాని ధర 8,00,000 రియాళ్ళు. ఒక్క ఏడాదికయితే 1,00,000. మా వీధి లెక్కలు రాసే అబ్బాయి తిండీ నిద్రా మాని పన్నెండేళ్ళకు పైగా జీతం పైసా మిగల్చకుండా దాస్తే గాని ఆ పెద్ద ధర తీరదు.

వచ్చినవారి ఊరు

యీ తమాషా చూడండి. ఇప్పుడు పరదేశాలకు పోయి నివాసపత్రం కోసం నిలబడుతున్న పాతబస్తీ ఒకప్పుడు పరదేశీయులకు నీడ ఇచ్చిన ఊరు. చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్ వస్తుంది. జామకాయలకు పేరుపడ్డ పేట. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాటే బార్కాస్ అయింది. యెమన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో చేరి అక్కడ స్థిరపడ్డారు. వారిలో జమేదార్లు ఎంతటి ధనవంతులయ్యారంటే, కుఅయితీ వంశంవారు ఇక్కడ గడించిన ధనంతో, బలంతో తమ దేశంలో ముకల్లా రేవు కేంద్రంగా ఒక సుల్తాను రాజ్యాన్నే నిలబెట్టుకున్నారు. హైదరాబాదులో జీతం, హద్రమౌత్‌లో ఇల్లు! ఇవాళ్టి మన గల్ఫు కథే, దిక్కు మారిందంతే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు భారతదేశంలో కలిసింది. ఆ తరవాత అరబ్బులనూ, అఫ్గానులనూ పరదేశీయులని నిర్బంధించారు. కొందరిని ఓడలెక్కించి పంపించారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి పిల్లను చేసుకుని, ఉర్దూ తప్ప మరొకటి రానివారికి కూడా “నీది ఏ దేశం?” అనే ప్రశ్న ఎదురయింది. రాజ్యాంగం 5వ అధికరణం ప్రకారం ఇక్కడ పుట్టి స్థిరనివాసం వున్నవారు పౌరులయ్యారు. బార్కాస్ మిగిలింది. 1973 తరవాత చమురు దేశాలకు పనివాళ్ళు కావలసివచ్చినప్పుడు, అరబ్బు దేశాల్లో బంధుత్వాలున్న ఆ పేటవారు ఆ దోవను మిగతావారికంటే ముందే పట్టారు.

మన తెలుగువాళ్ళకు మాత్రం యీ ప్రశ్న కొత్తదా? 1919లో నిజాం ఫర్మానా ప్రకారం రాజ్యంలో సర్కారీ కొలువు కావాలంటే ముల్కీ అయి వుండాలి. బయటివాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్ళు ఇక్కడ వరసగా వుండాలి, తిరిగి సొంత ఊరు పోయే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం రాసివ్వాలి. బెజవాడ నుంచి వచ్చినవాడికి హైదరాబాదు పరరాజ్యమే. అయితే ఒక్క తేడా గమనించండి. ముల్కీకి పదిహేనేళ్ళ తరవాతయినా ఒక తలుపు తెరుచుకునేది. మామూలు ఇకామాకు ఎన్నేళ్ళయినా అటువంటి తలుపు దానంతటదే తెరుచుకోదు.

అమెరికాలో కొడుకులున్న ఇళ్ళవారు ఇదంతా పాతబస్తీ గొడవ అనుకోనక్కర లేదు. అక్కడ ఉద్యోగం మీద ఇచ్చే పచ్చకార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడుకు మించి ఇవ్వరాదని నియమం. అందుకే మనవాళ్ళ వరస అంత పొడుగు. హెచ్-1బి మీద వున్నవాడి ఉద్యోగం పోతే మరో పని చూసుకోవడానికి దొరికేది 60 రోజులే. జీతంలో ఎక్కువ తక్కువలున్నా, పనితో ముడిపడ్డ నివాసం ఎక్కడయినా ఇంచుమించు ఇంతే.

ఇల్లాలికి తెలియవలసినవి

ఇంట్లో ఎవరన్నా గల్ఫుకు బయలుదేరుతున్నారా? అయితే యీ నాలుగు మాటలు వినండి.

పదో తరగతి ప్యాసు కానివారికి మన పాసుపోర్టు మీద వలస అనుమతి అవసరమనే ముద్ర వుంటుంది. 1983 వలసల చట్టం కింద అనుమతి తీసుకుని గాని వారు గల్ఫు దేశాలకు పనికి వెళ్ళరాదు. దానికి ఆన్‌లైన్లో ఈ-మైగ్రేట్ పద్ధతి వుంది. ఏజెంటుకు ప్రభుత్వం లైసెన్సు వుందో లేదో అందులోనే చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, పైన జి.ఎస్.టి. అంతే. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన అని వుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 కడితే పది లక్షల రూపాయల బీమా. కొడుకును పంపడానికి నగ తాకట్టు పెట్టినవారు యీ 275 దగ్గర వెనకాడవద్దు.

విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ పని చూసుకోమనే మాట నమ్మకండి. చూసి రావడానికిచ్చిన చీటీతో పని చేయడం నేరం.

వీసా కాగితం మీద రాసిన వృత్తి, ఏజెంటు నోటితో చెప్పిన వృత్తి ఒకటేనా అని విమానం ఎక్కకముందే చదివించుకోండి. అరబ్బీ చదవగలవారు పాతబస్తీలో ప్రతి వీధిలోనూ వున్నారు. ఆ ఒక్క మాట మీదే రేపు భార్య వెళ్ళగలదా లేదా అన్నది తేలుతుంది.

మనిషి అక్కడికి చేరి ఇకామా చేతికొచ్చిన రోజునే దాని రెండువైపులా ఫొటో తీసి ఇంటికి పంపించమనండి. నంబరు, యజమాని పేరు, గడువు తేదీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇనప్పెట్టెలో పాసుపోర్టు నకలు పక్కన పెట్టుకోండి. గడువు ఇక రెండు నెలలుందనగా, “పొడిగించారా?” అని ఉత్తరంలోనో ఫోనులోనో అడగండి. ఆలస్యమైతే మొదటిసారి 500 రియాళ్ళు, రెండోసారి 1,000 జరిమానా. మూడోసారి దేశం నుంచి పంపించివేయడమే. యజమాని మరిచిపోయినా వీధిలో పోలీసు ఆపేది మనవాణ్ణే.

ఎంత పంపించావని అడిగే ఇళ్ళు చాలా వున్నాయి. కార్డు గడువు ఎంతవరకుందని అడిగే ఇళ్ళు తక్కువ. వచ్చే శుక్రవారం ఫోను చేసినప్పుడు మీరు ముందు ఆ రెండో ప్రశ్న అడిగి చూడండి.